పాతాళ గరిగె లాంటి అయస్కాంతం: 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్'తో నాలుగేళ్లు

మా నాయనమ్మ దగ్గర ఒక పాతాళ గరిగె ఉండేది. ఇనుప కొక్కేల గుత్తి, దానికి ఒక పొడవాటి తాడు. నూతిలో చేద జారిపోయినా, బిందె మునిగిపోయినా వీధిలోవాళ్లు మా ఇంటికే వచ్చేవారు. ఆవిడ ఊరికే ఇచ్చేది కాదు. చెంబో గిన్నో మా అరుగు మీద పెట్టి తీసుకెళ్లాలి. పిల్లలం వెనకాలే వెళ్లి నూతి చుట్టూ మూగేవాళ్లం. తాడును అటూ ఇటూ ఆడిస్తుంటే అడుగున ఎక్కడో కొక్కెం దేనికో తగిలి 'ఠంగ్'మనేది. ఒళ్లు జల్లుమనేది. తీరా పైకి వచ్చేది సొట్టలు పడిన పాత చేదే. అయినా మళ్లీ ఎవరి బిందె పడుతుందా అని ఎదురుచూసేవాళ్లం.

ఆ 'ఠంగ్' ముప్ఫై ఏళ్ల తర్వాత నాకు 'బ్రెత్ ఆఫ్ ద వైల్డ్' అనే జెల్డా వీడియో గేమ్‌లో వినిపించింది. వినిపించింది అనకూడదేమో, నేను శబ్దం పూర్తిగా తీసేసి ఆడతాను. మాకు కాట్రేనికోన వైపు రెండు రొయ్యల చెరువులు ఉన్నాయి. రాత్రి కాపలా నాది. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళలో నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే రొయ్య ఊపిరందక పైకి తేలుతుంది, ఆ తర్వాత చేసేదేమీ ఉండదు. అందుకని చెవులు ఎప్పుడూ చెరువు మీదే ఉండాలి. కళ్లకు మాత్రం పని లేదు. 2021లో మా తోడల్లుడు సింగపూర్ నుంచి వస్తూ నింటెండో స్విచ్ అనే చేతిలో పట్టే గేమ్ యంత్రం తెచ్చి ఇచ్చాడు. గట్టు మీది పాకలో, నవారు మంచం మీద బోర్లా పడుకుని, ఏరియేటర్ల హోరు వింటూ ఆడటం అలా మొదలైంది.

ఆట 2017 నాటిది. కథ, బొమ్మలు, గాలికి ఊగే గడ్డి, వీటి గురించి రాయనివారు లేరు. నేను రాసేది దాచిన సామగ్రిని వెతకడం గురించే. అందులోనూ ముఖ్యంగా మాగ్నెసిస్ అనే అయస్కాంతం గురించి.

ఇది ఆట మొదట్లోనే, గ్రేట్ ప్లేటో అనే పీఠభూమి మీద ఒక మందిరంలో దొరుకుతుంది. మనం ఆడించే వీరుడు లింక్. అతని నడుముకున్న మాయ పలక తీసి దీన్ని ఎంచుకోగానే లోకమంతా రంగు వెలిసిపోయినట్టు అవుతుంది. ఇనుము ఉన్నచోట మాత్రం ముదురు గులాబీ రంగు వెలుగుతుంది. గురి పెడితే అది పసుపులోకి మారుతుంది. అప్పుడు పట్టి లాగాలి. మొదటిసారి ఒక వంతెన మీద నిలబడి, ఏమీ ఆశించకుండానే కింది నీళ్లలోకి చూశాను. మామూలు కంటికి నాచు రంగు నీళ్లు తప్ప ఏమీ లేవు. అయస్కాంతం కన్నుతో చూస్తే అడుగున అగ్గిపెట్టె అంత గులాబీ ముక్క ఒకటి. లాగితే నీళ్లు చీల్చుకుంటూ ఇనుప పెట్టె పైకి లేచింది. దాన్ని గాల్లో ఊపుకుంటూ తెచ్చి గడ్డి మీద దింపి, లింక్ చేత ఒక్క తన్ను తన్నించి తెరిచాను. ఈ తన్నడంలో ఒక చమత్కారం ఉంది. కాళ్లకు ఏమీ తొడగకుండా తన్నితే బొటనవేలు పట్టుకుని గెంతుతాడు. గట్టు మీద చెప్పులు లేకుండా తిరిగే నాకు ఆ బాధ తెలుసు కాబట్టి మరీ నవ్వొచ్చింది.

మొదట్లో ఒక విషయం మాత్రం మింగుడుపడలేదు. లింక్ ఈదగలడు గానీ మునగలేడు. ఈదుతూ పలకనూ వాడలేడు. మా ఊళ్లో ఏడేళ్ల పిల్లవాడు లాకుల దగ్గర దూకి అడుగు మట్టి గుప్పిట్లో తెచ్చి చూపిస్తాడు, ఇంత వీరుడు మునగలేడా అని విసుక్కున్నాను. ఆడగా ఆడగా తెలిసింది, ఆ లోటు వల్లే నీటి అడుగు రహస్యంగా మిగిలింది. వేసవిలో ధవళేశ్వరం నుంచి నీరు ఆపి కాలువలు కట్టేశాక చూడండి. అంతవరకూ పచ్చగా పారిన కాలువ అడుగున ఎవరిదో గ్లాసు, ఎవరిదో సైకిలు చక్రం, విరిగిన దేవుడి పటం బయటపడతాయి. ఆ రోజుల్లో పిల్లలు బడి ఎగ్గొట్టి కాలువలోనే ఉంటారు. ఈ అయస్కాంతంతో నాకు కావలసినప్పుడల్లా కాలువ కట్టేసినట్టే. ఒడ్డు దూరమైతే క్రయోనిస్ అనే పలకలోని ఇంకో శక్తితో నీటి మీద మంచు దిమ్మె లేపి, దాని మీద నిలబడి వెతకవచ్చు.

చెరువు మీద ఉండే బాబాయ్ ఒకరాత్రి నా భుజం మీదుగా చూసి, "ఈ రెండు చెరువులూ చాలక అందులో ఇంకో చెరువా బాబూ?" అన్నాడు. సమాధానం చెప్పలేకపోయాను.

మొదటి ఏడాది అడిగినవారికీ అడగనివారికీ ఒకటే మాట చెప్పాను: సగం ఆట నీళ్లలోనే ఉంది, అయస్కాంతం ఉంటే ఇంకేమీ అక్కర్లేదు అని. ఆ మాటను ఇప్పుడు కాస్త సర్దుకోవాలి. నేను నీళ్లలోంచి తీసిన పెట్టెల్లో ఎక్కువగా దొరికినవి బాణాలు, కాసులు, రత్నపు ముక్కలు, నాలుగు దెబ్బలకు విరిగిపోయే కత్తులు. చెక్క పెట్టెలను అయస్కాంతం అంటదు. నిజంగా దాచుకోదగ్గ దుస్తులు, కవచాలు వేరే చోట్ల ఉన్నాయి. దెబ్బకు బలం పెంచే బార్బేరియన్ కవచం మూడు ముక్కలూ మూడు చిక్కుదారుల కోటల్లో, ఒక్కో కోటలోని మందిరంలో ఒక్కొక్కటిగా ఉన్నాయి. కొండలు చకచకా ఎక్కించే దుస్తులూ మందిరాల్లోనే. హైలియన్ డాలు హైరూల్ రాజకోట కింది చెరసాలలో, పెద్ద అస్థిపంజరాన్ని కూలగొడితే గానీ రాదు. వీటిలో ఒక్కదాన్నీ నా పాతాళ గరిగె పైకి తేలేదు.

పెట్టెలను పసిగట్టే ఇంకో సాధనం కూడా ఉంది. హటేనో ఊళ్లోని ప్రయోగశాలలో మూడు పురాతన మరలు ఇస్తే పలకలోని సెన్సర్‌ను మెరుగుపరుస్తారు. ఆ తర్వాత పెట్టెను ఒకసారి ఫొటో తీసి పెట్టుకుంటే, దగ్గరలో పెట్టె ఉన్నప్పుడు కూత పెడుతుంది. మా మేనల్లుడికి ఇదే ఇష్టం. కాకినాడలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవుల్లో వచ్చి నా ఆట చూసి తల పట్టుకుంటాడు.

"మావయ్యా, సెన్సర్ పెట్టుకో. లేదా ఫోనులో చూసుకో. ఏ పెట్టె ఎక్కడుందో నిమిషంలో తెలిసిపోతుంది."

"నిమిషంలో తెలిసిపోతే తెల్లవారేదాకా నేనేం చేయాలిరా?"

వాడిది తప్పేమీ కాదు. కానీ కూత వినాలంటే శబ్దం పెట్టాలి, శబ్దం పెడితే చెరువు వినపడదు. తెర మీద గుర్తు కూడా మెరుస్తుంది, అయితే దాని వెంట పడితే చుట్టూ చూడటం మానేస్తాం. నాకు ముందు అనుమానం, తర్వాత గులాబీ ముక్క, ఆ తర్వాత పెట్టె, ఈ వరసలోనే కావాలి.

ఇక పిడుగు సంగతి. నిరుడు వానాకాలం, ఆటలో ఫారోన్ అడవుల వైపు తిరుగుతున్నాను. అక్కడ వాన తెరిపి ఇవ్వడం అరుదు. ఒక నీటిగుంట అడుగున, రాళ్ల సందులో, కొంచెమే కనిపిస్తూ ఒక గులాబీ అంచు. పెట్టె రాళ్ల మధ్య ఇరుక్కుంది. ఇటు లాగితే అటు తగులుతుంది, పైకెత్తితే జారి పడుతుంది. నలభై నిమిషాలు కుస్తీ పట్టి ఒడ్డుకు చేర్చాను. తన్నాను. లోపల మంచి కత్తి. చేతిలోకి తీసుకుని లింక్ మురిసిపోయేలోపే, సంచిలో చోటు లేదని చెప్పి, దాన్ని జాగ్రత్తగా మళ్లీ పెట్టెలోనే పెట్టి మూత వేశాడు. ఈ ఆట మీద నాకున్న అసలు కక్ష ఇదే. మూత తెరిచే ముందే చెప్పవచ్చు కదా! ఆయుధాల సంచి పెద్దది చేయాలంటే లోకమంతా అక్కడక్కడా దాచిన కొరోక్ గింజలు ఏరాలి. అవి మొత్తం 900. నా దగ్గర వంద కూడా లేవు.

ఏ పాత కత్తిని పారేద్దామా అని ఆలోచిస్తూ నిలబడ్డాను. ఆటలో ఉరిమింది. మా చెరువు మీద కూడా ఉరిమింది. ఏది ఎక్కడిదో ఒక్క క్షణం తెలియలేదు, నా తెరకు శబ్దం లేదన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది. బాబాయ్ పాకలో ఓ మూల ముడుచుకుని "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అని మొదలుపెట్టాడు. అంతలో కరెంటు పోయింది. ఏరియేటర్ల హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. రొయ్యల రైతుకు ఆ నిశ్శబ్దం ఉరుము కన్నా భయం. స్విచ్‌ను ఉన్నదున్నట్టు మంచం మీద పడేసి, జనరేటర్ దగ్గరకు బురదలో పరిగెత్తాను. తాడు లాగితే రెండుసార్లు మొరాయించింది, మూడోసారికి అందుకుంది. చెరువుల్లో నీరు మళ్లీ తెల్లగా చిమ్మడం టార్చి వేసి చూసుకుని, తడిసిన చొక్కా పిండుకుంటూ తిరిగి వచ్చాను.

తెర మీద ఆట అయిపోయినట్టు అక్షరాలు. నేను ఆపకుండా వదిలేసిన లింక్, వీపున ఇనుప కత్తి, ఇనుప డాలు పెట్టుకుని ఉరుముల వానలో బయట నిలబడ్డాడు. అలా ఉంటే ముందు ఆ ఇనుము చిటపటమని మెరుస్తుంది, తీసేయమని హెచ్చరిక అది. తీసేవాడు లేడు. ప్రాణాన్ని లెక్కగట్టే గుండె గుర్తులు నాలుగు మాత్రమే మిగిలి ఉన్నాయి, చనిపోతే బతికించే ఫెయిరీ సంచిలో ఒక్కటి కూడా లేదు. ఆట తనంతట తాను భద్రం చేసిన చోటు పెట్టె దొరకడానికి చాలా ముందు. అంటే పెట్టె మళ్లీ నీటి అడుగునే, రాళ్ల సందులోనే ఉంది. నలభై నిమిషాల శ్రమ గంగపాలు. మా ఇంట్లో ఉరిమినప్పుడు గునపం, పార చేత్తో పట్టుకుని బయట నిలబడితే నాయనమ్మ చెవి మెలేసేది. ఆటలోనూ అదే నియమం అని తెలిసి కూడా మరచిపోయాను. తప్పు ఆటది అనలేను. కొంచెం అనాలనే ఉంది, కానీ అనలేను.

మర్నాడు కోపంతో ఆ నీటిగుంట వైపు వెళ్లకుండా దగ్గరలోని లేక్‌సైడ్ గుర్రపుశాలకు వెళ్లాను. అక్కడొక ఆడమనిషి, ఇక్కడ పిడుగులు పడుతున్నాయి, నాకు భయంగా ఉంది అంటుంది. నాకు నిన్నటి మంట ఇంకా చల్లారలేదు, అందుకే శ్రద్ధగా విన్నాను. తల ఎత్తి చూస్తే పైకప్పు మీద ఎవరో వదిలేసిన గొడ్డలి. ఎక్కి తీసేశాను. ఆ మాట చెబితే ఆవిడ రబ్బరు శిరస్త్రాణం బహుమతిగా ఇచ్చింది. కరెంటు దెబ్బలకు తట్టుకునే దుస్తుల్లో మొదటిది. నాలుగేళ్లలో నాకు బాగా నచ్చిన దాపరికం ఇదే. పెట్టె లేదు, గులాబీ రంగు లేదు. ఒక మనిషి భయపడుతూ చెప్పిన మాట, ఇంటి కప్పు మీది గొడ్డలి, అంతే.

మిగతా రెండు ముక్కలూ మందిరాల్లో ఉన్నాయి. వాటిలో ఒకటి తెరవాలంటే ఉరుముల వానలో ఒక మట్టిదిబ్బ మీద కావాలనే ఇనుము పెట్టి, పిడుగు దాని మీద పడేలా చేయాలి. నన్ను చంపిన సూత్రాన్నే తాళంచెవిగా ఇచ్చిన ఆ చమత్కారానికి కాస్త చల్లబడ్డాను. అసలు పిడుగే అంటకుండా చేసే శిరస్త్రాణం గెరుడో పట్నంలో ఉంది. దానికి ఆ ఊళ్లో వాళ్ల చిన్నాచితకా పనులు చేసిపెట్టాలి. చెరువుల్లో రొయ్యల పట్టుబడి అయ్యాక చూద్దామని వాయిదా వేశాను.

2023లో దీని తరువాయి వచ్చింది, మేనల్లుడు తెచ్చి ఆడించాడు. అందులో ఈ అయస్కాంతం లేదు. దాని బదులు చెక్క అయినా రాయి అయినా ఎత్తి అతికించే చేయి ఇచ్చారు. శక్తిలో అది ఎన్నో రెట్లు గొప్పది, ఒప్పుకుంటాను. కానీ అన్నీ ఎత్తగలిగినప్పుడు ఇనుమును వెతకాల్సిన పనేముంది? పైగా అందులో 58 నూతులు పెట్టారు. నూతులిచ్చి పాతాళ గరిగె లాక్కున్నారు! వారం తిరగకుండా పాత ఆటకే వచ్చేశాను.

కొనాలా వద్దా అంటే నేను చెప్పేది నా పాక వరకే చెల్లుతుంది. రోజుకు గంటో రెండు గంటలో, మధ్యలో లేచి మేత ట్రేలు చూసి వచ్చి, మళ్లీ అదే ఒడ్డున నిలబడే ఓపిక నాకు ఉంది. ఉండక తప్పదు కూడా. ఆదివారం ఒక్కరోజు కూర్చుని మంచి కవచాలన్నీ పోగేసుకోవాలనుకునేవారు మా మేనల్లుడి మాట వినడమే మేలు. సంచి నిండితే వచ్చే కోపానికి మాత్రం మా ఇద్దరి దగ్గరా మందు లేదు.

ఫారోన్‌లోని ఆ పెట్టెను మళ్లీ తీయలేదు. ఈ నాలుగు నెలల్లో ఆ వైపు ఏడెనిమిదిసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా ముందు ఇనుప కత్తీ డాలూ విప్పి పక్కన పెట్టి, ఒడ్డున నిలబడి పలక తీస్తాను. రాళ్ల సందులో గులాబీ అంచు అలాగే ఉంటుంది. నిన్న కూడా ఉంది. సంచి నిన్న కూడా నిండే ఉంది.