సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్: గాలి చెప్పినట్టు ఆడాల్సిన నేల

స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఉన్న ఓల్డ్ కోర్స్ అనే గోల్ఫ్ మైదానం కష్టమా, తేలికా అని అడిగేవాళ్లను ముందు ఆ రోజు గాలి ఎటునుంచి వీస్తోందో అడగాలి. ఇక్కడ జరిగిన 2010 బ్రిటిష్ ఓపెన్‌లో రోరీ మెక్‌ఇల్‌రాయ్ గురువారం 63 స్ట్రోకులకే రౌండ్ ముగించాడు, శుక్రవారం 80 తీసుకున్నాడు (గోల్ఫ్‌లో తక్కువే మేలు). అదే మనిషి, అవే క్లబ్బులు. రాత్రికి రాత్రి మారింది గాలి ఒక్కటే. 2015లోనైతే శనివారం గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద పెట్టిన బంతి పెట్టినచోట నిలవక దొర్లిపోతుంటే ఆట గంటల తరబడి ఆపేశారు, టోర్నమెంట్ సోమవారానికి గానీ ముగియలేదు. గాలి పడిపోయిన రోజున మాత్రం మంచి ఆటగాళ్లకు ఈ కోర్స్ తలవంచుతుంది. 2022లో కామెరాన్ స్మిత్ 20 అండర్‌తో, అంటే పార్ (నిర్ణయించిన స్ట్రోకుల లెక్క) కన్నా 20 తక్కువతో గెలిచాడు. ఏళ్ల తరబడి వేసవిలోనూ చలికాలంలోనూ ఆడాక రాస్తున్న సమీక్ష కాబట్టి, ఇందులో గాలి మాటే ఎక్కువ ఉంటుంది.

స్కాట్లాండ్‌లో సముద్రపు ఒడ్డుకీ సాగు భూమికీ నడుమ మిగిలిపోయే ఇసుక దిబ్బల నేలను లింక్స్ అంటారు. పంటకు పనికిరాదు. పొట్టి ఫెస్క్యూ, బెంట్ గడ్డి తప్ప ఏదీ గట్టిగా బతకదు. వాన ఎంత కురిసినా ఇసుక ఇట్టే పీల్చేసుకుంటుంది. గొర్రెలు మేయడానికీ, కుందేళ్లు బొరియలు తవ్వుకోవడానికీ, జనం బంతి కొట్టుకోవడానికీ పనికొచ్చింది. 1552లో ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్‌కు ఇక్కడ కుందేళ్లు పెంచుకునే వీలు కల్పించిన పత్రంలోనే, ఊరివాళ్లకు ఈ నేల మీద గోల్ఫ్ ఆడుకునే హక్కు ఉందని రాసుకున్నారు. ఆ హక్కు ఊరికే నిలవలేదు. 1797లో దివాలా తీసిన పట్టణం ఈ నేలను వదులుకుంటే కుందేళ్ల వ్యాపారుల చేతిలో పడింది. ఆటగాళ్లకూ వాళ్లకూ కోర్టుల్లోనూ మైదానంలోనూ ఏళ్ల పాటు గొడవ నడిచింది. 1821లో స్ట్రాతైరం ఎస్టేటు యజమాని జేమ్స్ చీప్ కొనుక్కున్నాకే అది సద్దుమణిగింది. ఈరోజుకీ ఇది ఏ క్లబ్బు సొత్తూ కాదు. పక్కనే దర్జాగా నిలబడ్డ ఆర్ అండ్ ఏ (రాయల్ అండ్ ఏన్షియంట్) గోల్ఫ్ క్లబ్ హౌస్‌ను చూసి దాని కోర్సే అనుకునేవాళ్లు చాలామంది. 1974లో పార్లమెంటు చట్టం ద్వారా ఏర్పడిన ట్రస్టు దీన్ని నడుపుతోంది, ఆదివారం ఆట ఉండదు. ఆ రోజు ఫెయిర్‌వేల (మొదటి షాట్ చోటు నుంచి గ్రీన్ దాకా ఉండే కోసిన గడ్డి బాటల) మీద కుక్కలూ పిల్లలూ తిరుగుతుంటారు. పెద్ద టోర్నమెంట్లప్పుడు మాత్రమే దీనికి మినహాయింపు.

ఒక రౌండ్‌కు 18 హోల్స్ అనే లెక్క పుట్టింది కూడా ఇక్కడే. వెళ్లిన దారిలోనే, అవే గుంటల్లోకి కొట్టుకుంటూ వెనక్కి వచ్చేవాళ్లు. 1764లో మొదటి నాలుగు హోల్స్ రెండయ్యాయి, దాంతో పోనూ రానూ కలిపి 22 కాస్తా 18 అయింది. ఆటగాళ్లు పెరిగాక ఎదురెదురు వచ్చి ఢీకొనే పరిస్థితి రావడంతో, గ్రీన్లను వెడల్పు చేసి ఒక్కోదాంట్లో రెండేసి గుంటలు పెట్టారు. ఇప్పుడున్న ఏడు జంట గ్రీన్ల పుట్టుక అది. ఏ జంట తీసుకున్నా రెండు నంబర్లూ కలిపితే 18 వస్తుంది: 2, 16 ఒకటి, 5, 13 ఒకటి, 8, 10 ఒకటి, అలా. విడి గ్రీన్లు నాలుగే: 1, 9, 17, 18. వెళ్లేటప్పుడు తెల్ల జెండా, వచ్చేటప్పుడు ఎర్ర జెండా చూసుకోవాలి. తొలిసారి వచ్చినవాళ్లు వేరే జెండాకు కొట్టేసి, గుంటకు అరవై, డెబ్బై గజాల పట్ (నేల మీద దొర్లించే షాట్) చేయాల్సి రావడం ఇక్కడ రోజూ కనిపించే దృశ్యం.

ఇక గాలి లెక్క. కోర్స్ ఆకారం గొర్రెల కాపరి చేతికర్రలా ఉంటుంది. సుమారుగా వాయవ్యానికి పోయి, చివర్లో కొక్కెంలా తిరిగి, ఆగ్నేయానికి వస్తుంది. మామూలుగా వీచేది పడమటి గాలి. అంటే వెళ్లేటప్పుడు ఎడమ పక్కగా ఎదురొచ్చి బంతిని కుడికి తోస్తుంది. కుడివైపు గోర్స్ ముళ్లపొదలు వరసగా ఉంటాయి, అందులో పడిన బంతి మీద ఆశ వదులుకోవాల్సిందే. వచ్చేటప్పుడు అదే గాలి వెనక నుంచి సాయపడుతూ బంతిని ఎడమకు, అంటే కోర్స్ నడిమికి తీసుకెళ్తుంది. తూర్పు గాలి వచ్చిన రోజున అంతా తలకిందులు. వెళ్లేటప్పుడు హాయిగా తొమ్మిది హోల్స్ గడిచిపోతాయి. తిరుగు ముఖం పట్టగానే చలిగాలి ముఖానికి కొడుతూ బంతిని కుడివైపు హద్దు దాటించడానికి చూస్తుంది. 14, 16, 17 మూడింటికీ కుడివైపు అవుట్ ఆఫ్ బౌండ్సే. అందుకే ఈ కోర్స్‌లో తూర్పు గాలి ఎక్కువ స్ట్రోకులు తింటుందన్నది నా అభిప్రాయం. అదీ కాక వసంతంలో తూర్పు గాలితో సముద్రం మీది పొగమంచు వచ్చిందంటే గురి పెట్టుకునే గుర్తులు కూడా కనపడవు.

క్లబ్ ఎంచుకోవడానికి పనికొచ్చే ముతక లెక్క ఒకటుంది. ఎదురుగాలి గంటకు ఎన్ని మైళ్లుంటే దూరానికి అంత శాతం కలుపుకోవాలి, వెనకగాలికి అందులో సగం తీసేయాలి. 150 గజాల షాట్ 20 మైళ్ల ఎదురుగాలిలో 180 అవుతుంది, అదే వెనకగాలిలో 135. ఎదురుగాలి చేసే చేటు వెనకగాలి చేసే మేలుకు రెట్టింపన్నమాట. అందరూ చేసే తప్పు గాలిని జయించాలని గట్టిగా కొట్టడం. గట్టిగా కొట్టేకొద్దీ బంతి వెనక్కి తిరిగే వేగం పెరుగుతుంది, పైకి లేస్తుంది, అక్కడే ఆగి నిట్టనిలువునా పడుతుంది. మామూలుగా వాడేదానికన్నా రెండు మెట్లు పెద్ద క్లబ్ తీసుకుని, పిడి కాస్త కిందికి పట్టుకుని, నిలబడ్డ కాళ్ల మధ్య బంతిని కొంచెం వెనక పెట్టి, ముప్పావు ఊపుతో కొట్టాలి. గ్రీన్‌కు ఇరవై, ముప్పై గజాల ముందే పడి దొర్లేలా చూసుకోవాలి. గ్రీన్ బయట నలభై గజాల దూరం నుంచి పట్టర్ (బంతిని దొర్లించే క్లబ్) వాడటానికి సిగ్గుపడక్కర్లేదు, ఇక్కడి క్యాడీలు (ఆటగాడి సంచి మోసే సహాయకులు) సలహా ఇచ్చేదీ అదే. మన దేశంలో బెర్ముడా గడ్డి మీద ఆడి వచ్చినవాళ్లు ముఖ్యంగా ఇబ్బంది పడేది ఇక్కడే. అక్కడ బంతి గడ్డి మీద తేలి కూర్చుంటుంది, వెడ్జ్ (బంతిని పైకి లేపే క్లబ్) కిందికి చొప్పించవచ్చు. ఇక్కడ బంతికీ గట్టి నేలకీ నడుమ వేలెడు సందు కూడా ఉండదు. బౌన్స్ (అడుగు భాగపు ఉబ్బు) ఎక్కువున్న వెడ్జ్ నేలకు తగిలి ఎగిరి బంతి నడుముకు కొడుతుంది. బంతి గ్రీన్ దాటి అవతల పడుతుంది.

ఫెయిర్‌వేలు వెడల్పు. 1, 18 కలిసిపోయి ఒకే మైదానంలా ఉంటాయి, వాటికి అడ్డంగా ఊరి రోడ్డు కూడా పోతుంది. ఎడమకు కొడితే ఎటూ చిక్కు లేదన్న మాట దాదాపు అన్ని హోల్స్‌లోనూ నిజమే. కానీ ఎడమ నుంచి రెండో షాట్‌కు బంకర్లూ (ఇసుక గోతులు) దిబ్బలూ అడ్డొస్తాయి. ముళ్లపొదల అంచున కుడివైపు కొట్టగలిగినవాడికే గ్రీన్ దారి తెరుచుకుంటుంది. ఈ బేరాన్ని గాలి ప్రతి రోజూ మారుస్తుంటుంది. ఎన్నేళ్లు ఆడినా ఈ కోర్స్ మొహం మొత్తకపోవడానికి కారణం ఇదే.

బంకర్లు 112. గోడలను పచ్చిక పలకలతో కడతారు. కోసిన పలకలను ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి పేర్చి, ఒక్కో వరసను కొద్దిగా వెనక్కి జరుపుతూ, వెనకాల మట్టి దట్టిస్తారు. దగ్గరకు వెళ్లి చూస్తే ఒక్కో వరసా పుస్తకాల దొంతరలా విడిగా కనిపిస్తుంది. ఎండ తగిలే గోడ ముందు ఎండిపోయి పలకలు రాలిపోతాయి, చలికాలంలో మళ్లీ కడుతుంటారు. గోడకు అడుగు దూరంలో బంతి ఉంటే జెండా సంగతి మరచిపోయి పక్కకో వెనక్కో కొట్టడమే దారి. 14వ హోల్‌లోని హెల్ బంకర్ సుమారు పదడుగుల లోతు. 1995లో జాక్ నిక్లాస్ అంతటివాడు అందులో చిక్కి ఆ హోల్‌కు 10 రాసుకున్నాడు. 2000లో టైగర్ వుడ్స్ నాలుగు రోజులూ ఒక్క బంకర్‌లోనూ పడకుండా 19 అండర్‌తో గెలిచాడు.

కొన్ని బంకర్లు ఎందుకు ఉన్నాయో కూడా అర్థం కాదు. 12వ హోల్ టీ (మొదటి షాట్ కొట్టే చోటు) నుంచి చూస్తే ఎదురుగా పచ్చటి మైదానం తప్ప ఏమీ ఉండదు. నడిమధ్యకు అందంగా కొట్టిన బంతి మాయమైపోతుంది. పూర్వం ఈ కోర్స్‌ను ఒక వారం ఇటూ ఒక వారం అటూ, రెండు దిక్కుల్లోనూ ఆడేవారు. ఆ బంకర్లు అవతలి దిక్కు నుంచి వచ్చేవాళ్ల కోసం నోరు తెరుచుకుని ఉన్నాయి. మనకు వాటి వీపులే కనిపిస్తాయి.

7 నుంచి 11 దాకా కొక్కెం భాగం. గాలి దిశ హోల్ హోల్‌కీ మారుతుంది కాబట్టి ఇక్కడ ఆగి లెక్క మళ్లీ చేసుకోవాలి. 8, 9, 10 పొట్టివి, స్కోరు మెరుగుపరుచుకునేది ఇక్కడే. ఆ వెంటనే వచ్చే 11, 174 గజాల పార్ 3, నా దృష్టిలో ఈ కోర్స్‌లోకెల్లా గొప్ప హోల్. గ్రీన్ వెనక ఈడెన్ నదీముఖం, అక్కడి గాలికి అడ్డన్నది లేదు. ఎడమన హిల్ బంకర్, కుడిముందు స్ట్రాత్ బంకర్. గ్రీన్ వెనక నుంచి ముందుకు ఏటవాలు. గుంట దాటి పోయిన బంతిని కిందికి పట్ చేస్తే, ఎదురుగాలి ఆపకపోతే అది గ్రీన్ దాటి దొర్లిపోగలదు. 1921 ఓపెన్‌లో బాబీ జోన్స్ ఇక్కడే హిల్ బంకర్‌లో విసిగి రౌండ్ వదిలేశాడు. తర్వాత 1927 ఓపెన్, 1930 అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ ఈ నేల మీదే గెలిచి, ఈ ఊరివాళ్లకు తమ బిడ్డే అయిపోయాడు. 10వ హోల్‌కు ఆయన పేరే పెట్టారు.

17వ హోల్ గురించి అందరూ చెప్పేదే. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నది అక్షరాలా దీనికే సరిపోతుంది. ముందు రోడ్ బంకర్, వెనక నిజమైన రోడ్డూ రాతి గోడా. రోడ్డు మీద పడితే శిక్ష లేకుండా బంతిని పక్కకు తీసుకునే వీలు లేదు, పడినచోటు నుంచే ఆడాలి. 1978లో టామీ నకజిమా గ్రీన్ మీద నుంచి పట్ కొడితే బంతి బంకర్‌లోకి జారింది, ఆ హోల్ 9తో ముగిసింది. మామూలు ఆటగాడికి పనికొచ్చే దారి ఒకటే: దీన్ని పార్ 5 అనుకుని, రెండో షాట్‌ను గ్రీన్ కుడిముందు అంచుకు చేర్చి, అక్కడినుంచి పట్టర్ తీయడం.

లోపాలూ చెప్పాలి. సముద్రం ఆనుకుని ఉంటుందని ఆశపడితే నిరాశే. నడుమ న్యూ, జూబ్లీ కోర్సులున్నాయి. బయటివాళ్లకు వేసవి ఫీజు 300 పౌండ్లు దాటింది. చాలామందికి దొరికే దారి లాటరీ: ఇద్దరు నుంచి నలుగురు కలిసి రెండు రోజుల ముందు పేరు ఇవ్వాలి, రాకపోవచ్చు కూడా. ఒంటరిగా వచ్చేవాళ్లకు 2024 నుంచి రోజువారీ డ్రా పెట్టారు. అంతకుముందు తెల్లవారకముందే వచ్చి వరసలో నిలబడాల్సి వచ్చేది, ఈ మార్పు నిజంగా మేలు. చలికాలంలో ఫెయిర్‌వే మీద చిన్న చాప పరిచి దాని మీద నుంచే కొట్టమంటారు. గడ్డి కోసం అది అవసరమే, కానీ పైన చెప్పిన గట్టి నేల ఆట అప్పుడు ఉండదు. మొదటిసారి వచ్చేవాళ్లు చలికాలం ఎంచుకోవద్దు.

వీలైతే సోమవారం ఆట ఉండేలా చూసుకుని ఆదివారమే ఊరు చేరండి. నడుచుకుంటూ 12వ గ్రీన్ దాకా వెళ్లి, వెనక్కి తిరిగి టీ వైపు చూడండి. రేపు టీ నుంచి కనపడని బంకర్లన్నీ అక్కడినుంచి వరసగా కనిపిస్తాయి. ఏది ఏ గుర్తుకు ఎంత ఎడమనుందో స్కోరు కార్డు వెనక రాసుకోండి.