బెంగళూరు కేఆర్ పురంలో మా బ్యాంక్ మిత్ర షాపు, గృహలక్ష్మి డబ్బుల కోసం వెళ్ళేవాళ్ళకి

మా అత్తమ్మకి గృహలక్ష్మి, అంటే కర్ణాటక సర్కారు ఇంటి పెద్ద అయిన ఆడవాళ్ళకి నెలనెలా ఇచ్చే 2000 పడతాయి, ఏటీఎం అంటే భయం, బ్రాంచికెళ్తే ఫారాలన్నీ కన్నడ, ఇంగ్లీషు, అందుకే మార్కెట్ వెనక సందులో బ్యాంక్ మిత్ర (బ్యాంకు తరఫున డబ్బులిచ్చే ఏజెంటు) షాపుకే వెళ్తాం. జిరాక్స్ మెషీన్ పక్కన చిన్న టేబులు, దాని మీద వేలిముద్ర మెషీను, అంతే షాపు. నడిపే అబ్బాయిది కోలార్ వైపు, తెలుగు బాగా మాట్లాడతాడు, పెద్దవాళ్ళని విసుక్కోడు, దీనికే సగం స్టార్లు ఇచ్చేయొచ్చు.

మధ్యలో డబ్బులు ఆగిపోయాయి, పాస్‌బుక్ ఎంట్రీ వేయించినా ఏం లేదు. ఇతనే చెప్పాడు, అకౌంట్‌కి ఆధార్ ఇవ్వడం వేరంట, ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) ఆ ఆధార్ ఒక బ్యాంకుకి ముడిపడటం, అంటే మ్యాప్ అవ్వడం వేరంట, సర్కారు డబ్బు ఆఖర్న ఏ బ్యాంకుకి మ్యాప్ అయితే అక్కడికే పోతుందంట. మైఆధార్ సైట్లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూస్తే ఊళ్ళో ఎప్పుడో తెరిచిన వేరే బ్యాంకు పేరొచ్చింది, డబ్బులన్నీ అక్కడున్నాయి! మినిమం బ్యాలెన్స్ లేదని అందులో కొంత కోసేశారు కూడా. బేసిక్ సేవింగ్స్ అకౌంట్ అడగండి, మినిమం బ్యాలెన్స్ అక్కర్లేదు, ఏటీఎం కార్డు ఫ్రీ, నెలకి 4 సార్లు ఛార్జీ లేకుండా తీసుకోవచ్చు అన్నాడు. ఉన్న అకౌంట్‌నే అలా మార్చమని రాసివ్వొచ్చు, కౌంటర్లో వాళ్ళంతట వాళ్ళు ఈ ముక్క చెప్తే ఒట్టు.

డబ్బు పడగానే "మాత్రలకి, గ్యాస్‌కి ఎంతో అంతే తీస్కోండి ఆంటీ, మిగతాది ఉండనీండి" అంటాడు. నా డబ్బుకి వీడి పెత్తనమేంటని అత్తమ్మకి మొదట్లో కోపం, కానీ మొత్తం అడిగితే మారుమాట్లాడకుండా ఇస్తాడు. అతని మాట మీదే పోస్టాఫీసులో నెలకి 300 ఆర్డీ (నెలనెలా కట్టే పొదుపు) వేయించాం, 100 నుంచే కట్టొచ్చు, 5 ఏళ్ళకి. గృహలక్ష్మి ప్రతి నెలా ఒకే తారీఖున పడదు కదా, ఒక నెల ఆర్డీ డబ్బు ఎప్పుడూ పక్కనుంచమన్నాడు, అది మంచి మాట.

స్టార్ ఎక్కడ తగ్గించానంటే, అడిగితేగానీ స్లిప్ ఇవ్వడు. ఒకసారి చిల్లర లేదని పది రూపాయలు ఉంచేసుకున్నాడు, వీళ్ళకి కమిషన్ బ్యాంకే ఇస్తుంది, మన దగ్గర తీసుకోకూడదు, గట్టిగా అడగండి. అంట్లు తోమే చేతులకి వేలిముద్ర సరిగ్గా పడదు, ఫెయిలైంది మళ్ళీ వేలు పెట్టండంటే ముందు ఫోన్లో డెబిట్ మెసేజ్ వచ్చిందేమో చూస్కోండి, ఏ షాపులోనైనా సరే.

నాలుగు స్టార్లు. పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రానికి అతని దగ్గర క్యాష్ ఉండదు.