సేఫ్ డేట్స్: నటన తీసేస్తే మిగిలేది ఉపన్యాసమే

టీనేజీ ప్రేమల్లో హింసను ఆపడానికి అమెరికాలోని నార్త్ కరోలినాలో తయారైన పాఠ్యక్రమం ఇది. మొత్తం 10 క్లాసులు, ఒక్కోటి సుమారు 50 నిమిషాలు. పైగా ఒక నాటిక, పోస్టర్ల పోటీ. 1994లో జాన్‌స్టన్ కౌంటీలో 14 బడుల్లో, 8, 9 తరగతుల పిల్లలతో పరీక్షించారు. నాలుగేళ్ల తర్వాత కూడా హింస తగ్గినట్టు కనిపించింది. నేర్చుకున్నవి గుర్తుచేస్తూ మధ్యలో పిల్లలకు పంపిన పత్రిక మాత్రం అదనంగా ఒరగబెట్టిందేమీ లేదు.

దీని ఆయువుపట్టు, స్నేహితులకు ఎలా సాయపడాలో నేర్పే క్లాసు. దెబ్బలు తిన్న పిల్ల ముందు చెప్పుకునేది చాలాసార్లు అమ్మకు కాదు, పక్క బెంచీ నేస్తానికి. "వదిలెయ్ వాణ్ణి" అని తొందరపెట్టకుండా వినడం, నమ్మకమైన పెద్దవాళ్ల దగ్గరికి తోడు వెళ్లడం... ఇవి నటించి చూస్తేనే ఒంటబడతాయి. టైము చాలకపోతే ముందు కోతపడేదీ ఆ నటనే. రెండు క్లాసుల్ని ఒకే పీరియడ్‌లో కుక్కకండి.