పిల్లి ఉన్నట్టుండి మీద పడితే: ముందు డాక్టరా, రెండు రోజులు ఆగి చూడటమా?

హైదరాబాద్ మల్కాజిగిరిలో మా కింది పోర్షన్ అక్క ఒకరోజు రాత్రి చెయ్యి చూపించింది. వాళ్ల మగపిల్లిని ఎత్తుకోబోతే గట్టిగా కరిచిందట. "ఇంటికి చుట్టాలొచ్చారుగా, కోపమొచ్చినట్టుంది. రెండు రోజులు పోతే అదే సర్దుకుంటుందిలే" అంది.

"ఒంటికి సరిగా పోస్తోందా అక్కా?" అని అడిగాను.

"అదేనే, ఇసుక ట్రేలోకి మాటిమాటికీ వెళ్లి కూర్చుంటోంది. అరుస్తోంది గానీ చుక్క రావట్లేదు."

మూత్రనాళం మూసుకుపోయింది. ఆ రాత్రే తీసుకెళ్లి గొట్టం వేయించాం కాబట్టి బతికింది. మగపిల్లికి మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. ఆ రెండు రోజులు ఆగుంటే అన్న ఆలోచనకే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది. కుక్కలా కుంటుతూ మన దగ్గరికి రాదు. పంటి నొప్పో, కీళ్ల నొప్పో ఉన్నచోట మన చెయ్యి తగిలినప్పుడే బయటపడుతుంది, అదీ పంజా రూపంలో. పదేళ్లు దాటిన పిల్లి బాగా తింటూనే చిక్కిపోయి చిరాకు పడుతుంటే థైరాయిడ్ ఎక్కువైందేమో రక్తపరీక్షలో చూడాలి. ఇవేవీ ఇంట్లో కూర్చుని కనిపెట్టగలిగేవి కావు. కారణం తెలియనప్పుడు ముందు డాక్టరే మేలని నా గట్టి అభిప్రాయం. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది. నొప్పి తగ్గాలని డోలో ముక్క మాత్రం వేయకండి, పారాసిటమాల్ పిల్లికి విషం.

అయితే మా పిల్లి చిట్టి విషయంలో ఆగడమే మంచిదైంది. బాల్కనీ అద్దం అవతల వీధి గండుపిల్లి వచ్చి కూర్చుంది. దాన్ని అందుకోలేక చిట్టి తోక బుస్సున ఉబ్బించి, పక్కనే ఉన్న నా కాలి మీద పడింది. కోపం ఒకరి మీద, దెబ్బ ఇంకొకరికి. ఇలా రేగిన పిల్లి చల్లారడానికి గంటలు పట్టొచ్చు, ఒక్కోసారి రోజులు. ఆ స్థితిలో బుట్టలో కుక్కి ఆటోలో తిప్పితే ఇంకా బెదిరిపోతుంది. లైటు తీసేసిన గదిలో నీళ్లు, తిండి, ట్రే పెట్టి వదిలేశాం. చక్కగా తింటోంది, ట్రేలోకి మామూలుగా పోతోంది, అందుకే ధైర్యంగా ఆగగలిగాం. దీపావళి టపాసులకు బెదిరిన పిల్లికీ ఇదే పద్ధతి.

అంటే కారణం కళ్లారా చూసి, తిండీ మూత్రం మామూలుగా ఉంటే ఆగొచ్చు. వాటిలో ఏది తేడాగా ఉన్నా ఆగకూడదు.

కొట్టడం అనే మూడో దారి కూడా చాలామంది పడతారు. అది అసలు పోలికలోకే రాదు. దెబ్బ తిన్న పిల్లి మన చేతిని చూసి భయపడటం నేర్చుకుంటుంది, అంతే.

కరిస్తే మాత్రం మన విషయంలో ఆగి చూడటం లేదు. పిల్లి పన్ను సన్నగా లోతుకు దిగుతుంది, పైకి చిన్న చుక్కే కనిపించినా లోపల చీము పడుతుంది. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే డాక్టరుకు చూపించాలి. రేబీస్ టీకా నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. టీకాల్లేక బయట తిరిగే పిల్లి ఒక్కసారిగా మారిపోయి, చొంగ కారుస్తూ తూలుతుంటే దాన్ని అసలు ముట్టుకోవద్దు.

చిట్టి మూడో రోజు పొద్దున తనంతట తానే వచ్చి నా పాదాలకు తల రుద్దింది. బాల్కనీ అద్దానికి కిందివైపు అంటించిన పేపర్లు మాత్రం ఇంకా తీయలేదు.