ఒకే రకం రెగ్యులేటర్: ఒకటి ఏడాదిన్నర, ఒకటి ఆరో ఏడు

మా కారు 2009 నాటిది. శ్రీకాకుళం నుంచి టెక్కలికి రోజూ నన్ను తీసుకెళ్లి తీసుకొచ్చే బండి. డ్రైవరు వైపు అద్దానికి ఇప్పటికి రెండుసార్లు రెగ్యులేటర్ మార్చాను, అంటే తలుపు లోపల అద్దాన్ని ఎత్తి దించే తీగల చట్రం. మొదటిది ఏడాదిన్నరకే పోయింది. 2020 జనవరిలో వేసిన రెండోదానికి ఆరో ఏడు నడుస్తోంది. రెండూ ఒకే రకం, ఒకే దుకాణంలో 1,300 రూపాయలకు కొన్నవి.

2018 జూలైలో, జోరువానలో, మడపాం టోల్‌గేటు దగ్గర డబ్బులివ్వడానికి అద్దం దించాను. మళ్లీ ఎక్కలేదు. బటన్ నొక్కితే తలుపులో మోటారు గిర్రున తిరుగుతోంది, అద్దం మాత్రం కదలదు. టెక్కలి చేరేసరికి నా కుడి భుజమూ సీటూ తడిసి ముద్దయ్యాయి.

ఆ చప్పుడును బట్టే సగం రోగం తెలుస్తుంది. మోటారు తిరుగుతున్నా అద్దం కదలకపోతే తీగ తెగిందనో, అద్దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పు విరిగిందనో అనుకోవచ్చు. అసలు చప్పుడే లేకపోతే ముందు ఫ్యూజు, ఆ తర్వాత స్విచ్చు చూడాలి. బటన్ నొక్కగానే కారు లోపలి దీపం కాస్త మసకబారితే కరెంటు మోటారుకు అందుతున్నట్టే, ఎక్కడో బిగుసుకుపోయింది.

డోర్ ప్యాడ్, అంటే తలుపు లోపలి వైపు అట్ట, విప్పితే పాత తీగ దాన్ని చుట్టే డ్రమ్ము చుట్టూ పిచ్చుక గూడులా చిక్కుపడి ఉంది. తెగిన పోగులు సూదుల్లా లేచి ఉన్నాయి, ముట్టుకోగానే చూపుడు వేలికి గుచ్చుకున్నాయి. మెకానిక్ అప్పుడే చెప్పాడు: "మాస్టారూ, రబ్బరు కూడా మార్చండి. లేకపోతే కొత్త తీగ కూడా ఆగదండి." అద్దం జారే గాడిలోని ఆ రబ్బరు విశాఖపట్నం నుంచి రావాలి, వారం పడుతుందన్నాడు. నేను ఆగలేదు, పాత రబ్బరుతోనే కొత్త రెగ్యులేటర్ వేయించాను.

మరుసటి వేసవి నుంచే అద్దం సగంలో ఆగిపోవడం మొదలైంది. పది నిమిషాలాగి నొక్కితే కదిలేది. మోటారు వేడెక్కితే తనంతట తానే ఆగిపోయే ఏర్పాటు దానిలోనే ఉంటుంది. అంత బరువు ఎందుకు మోయాల్సివస్తోందో నేను అప్పుడే ఆలోచించాల్సింది. డిసెంబరు చివర్లో తీగ మళ్లీ తెగింది.

రెండోసారి తలుపు విప్పినప్పుడు పక్కనే కూర్చున్నాను. రెగ్యులేటర్ నుంచి విడదీసిన అద్దాన్ని చేత్తో పైకి నెట్టి చూశాను. రెండు చేతులూ వేసినా కష్టం మీద ఎక్కింది. అద్దం జారే రబ్బరు గాడి ఎండిన తోలులా బిరుసెక్కింది, గోరు దిగబడలేదు. లోపలి మెత్తటి నూగు అరిగిపోయి, అడుగున ఎర్రమట్టి, ఇసుక అట్ట కట్టాయి. జాతీయ రహదారిని ఆరు వరుసలుగా వెడల్పు చేస్తున్న రోజులవి, ఆ దుమ్మంతా గాడిలోనే చేరింది. 650 రూపాయల కొత్త రబ్బరు వేశాక అదే అద్దం రెండు వేళ్లతో లేచింది. మోటారు మాత్రం నేటికీ 2009 నాటిదే.

ఏడాదికి రెండుసార్లు, ఎండలకు ముందు ఒకసారి, వానలకు ముందు ఒకసారి, తడిగుడ్డతో గాడి తుడిచి సిలికాన్ స్ప్రే కొడతాను. గ్రీజు, ఇంజను నూనె దరిచేరనివ్వను. వాటికి దుమ్ము అంటుకుంటుంది, రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

లోపాలు లేకపోలేదు. మూడో ఏడు నుంచి అద్దం పూర్తిగా ఎక్కేటప్పుడు చిన్న టక్కుమనే శబ్దం వస్తోంది, ఎడమ వైపు అద్దం కంటే ఇది కొంచెం నెమ్మది. మరొకటి కూడా చెప్పాలి: మొదటిసారి పనిలో డోర్ ప్యాడ్ వెనక ఉండే ప్లాస్టిక్ షీటు చిరిగింది, అలాగే వదిలేసి బిగించారు. ఆ వానాకాలమంతా కాళ్ల కింద మ్యాటు తడుస్తూనే ఉంది. ప్యాడ్ బిగించే ముందు ఆ షీటు చుట్టూ అంటుకుందో లేదో మీరే చూసుకోండి. తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాల్లో మట్టి ఉంటే పుల్లతో తీయించండి.

ఈ వేసవిలో వెనక ఎడమ తలుపు అద్దం సగంలో ఆగడం మొదలుపెట్టింది. తీగ ఇంకా బాగానే ఉంది. రబ్బరు తెప్పించాను, వచ్చే ఆదివారం తలుపు విప్పుతున్నాం.