స్పీడ్ పోస్టా, ప్రైవేటు కొరియరా? చీరలు పంపిన అనుభవంతో

మంగళగిరి నేత చీరలను ఆర్డర్ల మీద పంపడం మా ఇంటి వ్యాపారం. కొన్నేళ్లుగా స్పీడ్ పోస్టునూ, రెండు మూడు ప్రైవేటు కొరియర్లనూ వాడుతున్నాను. సర్కారు సర్వీసంటే నత్తనడక అని మా చుట్టాలు తేల్చేస్తుంటారు. పార్శిల్ ఏ ఊరికి వెళ్లాలో అడగకుండా ఆ మాట అనడం అన్యాయం.

హైదరాబాద్, బెంగళూరుకైతే నేనూ ప్రైవేటుకే ఇస్తాను. ఇంటికొచ్చి తీసుకెళ్తారు. ట్రాకింగ్ కూడా వాళ్లదే మేలు.

ఊళ్లకు వచ్చేసరికి లెక్క మారిపోతుంది. పాడేరు అవతల ఒక గూడెంలో పనిచేసే టీచరమ్మ నిజాం అంచు చీర తెప్పించుకున్నారు. కొరియర్ వాళ్లు ఓడీఏ, అంటే తమ డెలివరీ పరిధి దాటిన ఊరు అని నా దగ్గర అదనంగా తీసుకుని కూడా, "అంత దూరం రాలేం మేడమ్, పాడేరు ఆఫీసుకొచ్చి తీసుకెళ్లండి" అని ఆవిడకు ఫోన్ చేశారు. చీర కోసం ఆవిడ బడికి సెలవు పెట్టాల్సి వచ్చింది. తర్వాతి చీర స్పీడ్ పోస్టులో పంపాను. ఊరి పేరు, వయా, మండలం, పిన్‌కోడ్, ఫోన్ నంబరు, అంతే. రెండు రోజులు ఎక్కువ పట్టింది కానీ, ఆ ఊరి బ్రాంచి పోస్టుమాస్టరు గారు బడి దగ్గరికే వెళ్లి ఇచ్చి సంతకం పెట్టించుకున్నారట. ఇప్పుడు ఏజెన్సీ ఊళ్లన్నిటికీ నాది అదే దారి.

తపాలా శాఖకు ఆదాయం కంటే ఖర్చెక్కువ అన్నది నిజమే. దేశంలో లక్షన్నరకు పైగా పోస్టాఫీసులుంటే, పదింట తొమ్మిది పల్లెల్లోనే ఉన్నాయి. లాభం రాదని ఏ ఊరినీ వదిలేసే వీలు దానికి లేదు. ప్రైవేటు వాళ్లు గిట్టుబాటయ్యే చోటే తిరుగుతారు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచి సమర్థత తేల్చేస్తే ఎలా? పైగా ఆ ఊళ్లలో బరువు మోసేది పూర్తి జీతమున్న ఉద్యోగులు కాదు, రోజుకు నాలుగైదు గంటల పనికి లెక్కగట్టిన గ్రామీణ డాక్ సేవకులు. వాళ్లను చూసి సర్కారు బద్ధకం అంటే నాకు కోపం వస్తుంది. పెద్ద ఆన్‌లైన్ కంపెనీలు కూడా మారుమూల ఊళ్ల పార్శిళ్లను తపాలా శాఖకే అప్పజెబుతున్నాయి మరి.

ఇలా ఇళ్లలో వ్యాపారం చేసుకునేవాళ్ల దగ్గరికి తపాలా వాళ్లు రోజూ సాయంత్రం వచ్చి పార్శిళ్లు తీసుకెళ్తే, హైదరాబాద్ చీరలు కూడా వాళ్ల చేతికే ఇస్తాను.