మెదక్ చర్చికి సోమవారం పొద్దున్నే వెళ్ళండి, రాత్రి మాత్రం ఉండకండి

ముందు లాడ్జి సంగతి చెప్పేస్తాను, ఇంకెవరూ అలా మోసపోకూడదు. ఫోన్లో గది 1,200 అన్నారు. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళి నిలబడితే "చర్చి రష్ కదా మేడమ్, ఇవాళ 1,800" అన్నారు. గీజర్ పనిచేయదు. బకెట్ వేడినీళ్ళకి 50. దుప్పటి మీద ఎవరివో వెంట్రుకలున్నాయి, మార్చమంటే కుర్రాడు అదే దుప్పటిని తిరగేసి పరిచాడు. రశీదు ఇమ్మంటే కౌంటర్లో ఆయన వినిపించనట్టు ఫోన్ ఎత్తాడు. అమ్మ రాత్రంతా కుర్చీలోనే కూర్చుంది. తమ్ముడు తెల్లారేదాకా సణుగుతూనే ఉన్నాడు.

సికింద్రాబాద్ జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి ప్రయాణం హాయిగా సాగింది. ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు ఉచితం కాబట్టి అమ్మకీ నాకూ జీరో టికెట్, ఆధార్ కార్డు మరిచిపోకండి.

ఈ యాత్ర అమ్మ కోసం. 2021 మే నెలలో మామయ్య కరోనాతో పోయాడు. సమాధి దగ్గరికి మమ్మల్ని రానివ్వలేదు, జ్ఞాపకార్థ కూడిక కూడా జరగలేదు. అప్పటినుంచి అమ్మ చర్చికి వస్తుంది గానీ ప్రార్థన చేయదు. "దేవుడి చిత్తం" అని ఎవరైనా ఓదార్చబోతే లేచి వెళ్ళిపోతుంది. నేను ఆమెను తప్పుపట్టను. ఊరూరా మనుషులు పోతున్నప్పుడు ఆ మాట ఎంత తేలిగ్గా వాడామో నాకు గుర్తుంది.

మెదక్‌నే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆ చర్చి కరువులో పుట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోజులు, తిండి లేక జనం అల్లాడుతున్నారు. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఉచితంగా గింజలు పంచి ఊరుకోకుండా కట్టడం పని పెట్టించి, పనికి అన్నం పెట్టించాడు. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగింది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, సుమారు 175 అడుగుల గోపురం. ఆ రాళ్ళు మోసినవాళ్ళలో ఎందరు ఇంట్లో ఎవరినో పూడ్చిపెట్టి వచ్చారో!

ఆదివారం సాయంత్రం లోపల కూర్చోనే లేకపోయాం. సెల్ఫీలు, పిల్లల కేకలు, ఒకరినొకరు పిలుచుకోవడాలు. అమ్మ పది నిమిషాల్లో బయటికి వచ్చేసి "ఇది చూడ్డానికా ఇంత దూరం తెచ్చావు?" అంది.

సోమవారం పొద్దున మాత్రం వేరు. బెంచీల్లో మేం తప్ప దాదాపు ఎవరూ లేరు. రంగు అద్దాల కిటికీలు మూడు: క్రీస్తు జననం, సిలువ, ఆరోహణం. అవి పగటి వెలుతురు ఉంటేనే కనిపిస్తాయి, చీకటి పడ్డాక వెళితే నల్లటి గాజే. అమ్మ సిలువ కిటికీకి ఎదురుగా కూర్చుంది. మన సంఘాల్లో ప్రార్థనంటే మైకు, కీబోర్డు, గట్టిగా ఏడవడం. ఇక్కడ ఒక్క మాట లేదు. అమ్మ పెదవులు కూడా కదల్లేదు, చేతులు మాత్రం ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. సణుగుడు మానేసి తమ్ముడూ వచ్చి పక్కన కూర్చున్నాడు. గంట పైనే ఉన్నాం.

బయటికొచ్చాక అమ్మ, "సిలువ మీద ఆయన కూడా అడిగాడు కదే, నన్నెందుకు విడిచిపెట్టావని" అంది. ఆ మాట నేను చెప్పి ఉంటే కోప్పడేది. మౌనంగా ఉండనిస్తే తనంతట తనే అక్కడికి చేరింది. దుఃఖంలో ఉన్నవాళ్ళకు మన సంఘాలు ఇవ్వనిది ఇదే, కరోనా అప్పుడూ ఇవ్వలేదు.

భోజనం బస్టాండు దగ్గర చిన్న మెస్‌లో, 100 రూపాయలు. వేడి అన్నం, పప్పు, గోంగూర, అడగకుండానే మారు వడ్డన. అమ్మ రెండోసారి అన్నం పెట్టించుకుంది.

క్రిస్మస్‌కీ గుడ్ ఫ్రైడేకీ వెళ్ళకండి, కాలు పెట్టే చోటుండదు. మామూలు రోజున తెల్లారి బస్సెక్కి, సాయంత్రానికి తిరిగొచ్చేయండి. మీతో వచ్చినవాళ్ళను "ఇక వెళ్దామా" అని మాత్రం అడగకండి.